ముందుది మోగుతుంది, వెనకది మోస్తుంది

జనవరి 29, ఆదివారం

చర్చి నుంచి బయటికి రాగానే లుబ్బర్ట్ మామయ్య మెట్ల మీద ఆగి, ముక్కు పైకెత్తి గాలి పీల్చాడు. డెబ్బై ఆరేళ్ల మనిషి. యాభై ఏళ్లు రెల్లు కోసిన చేతులు. మా డ్వార్స్‌వేన్‌కి ఆయనే ఐస్‌మేస్టర్. కాలువ గడ్డకట్టాక దాని మీద జనం ఎప్పుడు అడుగు పెట్టాలో, ఎప్పుడు పెట్టకూడదో చెప్పేది ఆయనే. ముప్ఫై రెండేళ్లుగా ఆ విషయంలో ఆయన మాటకు తిరుగులేదు.

"వస్తోంది," అన్నాడు.

"ఎవరు, మీ అత్తగారా?" అన్నాడు బేకరీ వోల్టర్. స్కేటింగ్ సంఘానికి అధ్యక్షుడు. ఒకటో తరగతి నుంచి నాతో చదివినవాడు, అప్పటి నుంచీ ఇంతే.

మామయ్య పలకలేదు. వోల్టర్ జోకులకు పలకకపోవడం కూడా ఆయన పెద్దరికంలో ఒక భాగమే.

ఈ నోటుబుక్కు మొన్న కొన్నాను. మా ఆయన గెరిట్ నన్ను వదిలి వెళ్లిపోయాక ఇంట్లో మాట్లాడటానికి మనిషి లేడు. "మాట్లాడకపోతే రాయండి, రోజూ" అంది డాక్టరమ్మ. పోయిన వారం క్లాసులో ఒకసారి మాట అడ్డం పడింది. ఒక్కసారే. గొంతు పొడిబారి ఉంటుంది.

జనవరి 30, సోమవారం

మైనస్ ఏడు. మామయ్య బోర్డు బయట పెట్టేశాడు. క్లబ్బు గది తలుపు పక్కన మేకుకి వేలాడే పాత నల్లబోర్డు. చలికాలంలో పొద్దున్నే దాని మీద సుద్దముక్కతో ఒకే ఒక్క మాట రాస్తాడు, ఆ రోజు ఐస్ పేరు. పనికి వెళ్లేవాళ్లంతా అది చదివి వెళ్తారు. రెండో మాట రాయడు. రెండు కావాల్సి వస్తే అతికించి ఒకటి చేస్తాడు.

ఇవాళ రాసింది "నీళ్లు".

జనవరి 31, మంగళవారం

పిల్లలకు ఇవాళ అతుకుమాటలు చెప్పాను. బోర్డు మీద ఒక చెయ్యి బొమ్మ, పక్కన ఒక బూటు బొమ్మ వేశాను. హాండ్. స్ఖూన్. రెండూ కలిపితే ఏమిటి అని అడిగాను.

"హాండ్‌స్ఖూన్," అన్నారు అందరూ. చేతిబూటు, అంటే గ్లౌజు.

ముందు బెంచీలో యిస్కా తన చేతుల వంక అనుమానంగా చూసుకుంది. పుట్టినప్పటి నుంచీ ప్రతి చలికాలం తొడుక్కుంటున్న గ్లౌజులో ఒక బూటు దాక్కుని ఉందని దానికి ఇప్పుడే తెలిసింది.

"ఇప్పుడు చప్పట్లు కొట్టండి. ఎన్ని?"

రెండు. మొదటిది గట్టిగా, రెండోది మెల్లగా. గట్టిగా కొట్టమని నేను చెప్పలేదు.

"రెండోది గట్టిగా కొడితే ఏమవుద్ది టీచర్?"

"కొట్టి చూడు."

యిస్కా కొట్టింది, పలికింది. క్లాసంతా పొట్ట పట్టుకుని నవ్వింది. "అది మన మాట కాదు, ఎవరో చుట్టాలొచ్చి మాట్లాడినట్టుంది," అన్నాడు వెనక బెంచీ నుంచి ఒకడు.

తర్వాత ముక్కలు తిరగేశాం. బూటుచెయ్యి. అదేమిటని అడిగితే యిస్కా ఆలోచించి, "బూట్లు తుడిచే చెయ్యి," అంది. మరి అది బూటా, చెయ్యా? "చెయ్యే కదా టీచర్," అంది, ఈ మాత్రం తెలీదా అన్నట్టు.

చివర ఉన్నదే అసలు వస్తువు. ముందున్నది ఎలాంటిదో చెబుతుంది, ఊనిక తనే తీసుకుంటుంది. రెండింటి మధ్య ఒక్కోచోట "స్" దిగ్గొడతారు, మేకులాగా. ఒక్కోచోట "ఎన్" పూస్తారు, జిగురులాగా. ఎక్కడ ఏదో చెప్పమంటే నేను పుస్తకం చూడాలి. యిస్కా చూడక్కర్లేదు. ఇరవై ఆరేళ్లుగా ఇదే పాఠం చెబుతున్నాను, ఇప్పటికీ నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఆరేళ్ల పిల్ల ఎవరూ వినని కొత్త మాట కట్టి మన ముందు పెడుతుంది, మనం వినగానే అర్థం చేసుకుంటాం. ఇంతకన్నా పెద్ద విద్య ఏముంది.

మామయ్య ఆరో తరగతితో చదువు మానేశాడు. ఇదంతా ఆయన ఒక్క ముక్కలో చెబుతాడు: "ముందుది మోగుతుంది, వెనకది మోస్తుంది."

ఫిబ్రవరి 1, బుధవారం

బోర్డు మీద: ముస్సెన్‌ఐస్. పిచ్చుక ఐస్. పిచ్చుకను మోస్తుంది, అంతకుమించి ఆశపడొద్దని.

మధ్యాహ్నం స్కూలు లేదు కాబట్టి మామయ్యతో గట్టు వెంట నడిచాను. ఇనపమొన ఉన్న పొడుగు కర్రతో ఐస్‌ని కొట్టి వింటాడు. అడుగుదాకా ఒకే గట్టి ముక్కగా ఉన్న ఒంటి ఐస్‌ది ఒక చప్పుడు, బోలు ఐస్‌ది ఇంకొకటి. ఈ చెవిని నమ్మి ఊరు ఊరంతా నీళ్ల మీద నడుస్తుంది.

నాకు ఏడేళ్లప్పుడు ఇదే కాలువ మీద నా గ్లౌజు ఒకటి పోయింది. అప్పట్లో నాకు మాట వచ్చేది కాదు. అంటే లోపల ఉండేది, బయటికి వచ్చేది కాదు. మొదటి ముక్క దగ్గరే దవడ బిగుసుకుపోయేది. గడ్డకట్టిన చెయ్యి చూపిస్తూ "హ్, హ్" అంటూ నిలబడ్డాను. వోల్టర్ నా పక్కనే నిలబడి "హ్, హ్" అన్నాడు, అందరూ నవ్వారు. మామయ్య వచ్చి నా చెయ్యి తన జేబులో పెట్టుకున్నాడు.

"మాటని నోటితో తొయ్యకే అమ్మడూ. కాలితో తొయ్యి," అన్నాడు.

ఎడమ కాలు తోపు, హాండ్. కుడి కాలు జారు, స్ఖూన్. తోపు, జారు. గాలిమర దాకా వెళ్లాం, తిరిగొచ్చాం. తోసినప్పుడు ముందు ముక్క దానంతటదే ఊడిపడింది. వెనక ముక్కకు నేను చెయ్యాల్సిందేమీ లేదు, అది జారిపోతుంది. ఆ చలికాలమంతా ఒక్కొక్క మాటనీ కాలువ మీద తోసుకుంటూ తిరిగాం. ఐస్ కరిగేనాటికి వోల్టర్ వాళ్ల నాన్న కొట్టుకి వెళ్లి, రై రొట్టె కావాలని నోరు తెరిచి అడిగాను. గ్లౌజు మాత్రం దొరకలేదు.

ఆయన పెట్టే పేర్లు ఊరందరికీ నోటికి వచ్చు. స్ఖోన్‌మూడర్‌ఐస్, అత్తగారి ఐస్: రోజంతా గొణుగుతుంది, పగుళ్ల చప్పుడు చేస్తుంది, కానీ మోస్తుంది. డోమినేస్‌ఐస్, పాస్టరుగారి ఐస్: పైన అద్దం, లోపల డొల్ల. అది మొదటిసారి బోర్డు మీద రాసిన వారం పాస్టరుగారు మామయ్యకు షేక్‌హ్యాండ్ ఇవ్వలేదు. ప్రమాదం ఎప్పుడూ పేరులో ముందు ముక్కలోనే ఉండాలంటాడు మామయ్య. "గాలిలో అరిస్తే సగం మాట కొట్టుకుపోద్ది. మిగిలేది ముందు సగమే."

ఈ మధ్య నేను మాట్లాడుతుంటే మామయ్య పని ఆపి సూటిగా నా మొహంలోకే చూస్తున్నాడు. గెరిట్ పదిహేనేళ్లలో ఒక్కసారీ అలా చూడలేదు. మనసుకి ఎంతో బాగుంది.

ఫిబ్రవరి 2, గురువారం

మైనస్ పన్నెండు. క్లాసులో మాట రెండుసార్లు అడ్డం పడింది. గొంతే.

ఫిబ్రవరి 3, శుక్రవారం

పొద్దున్న మంచు పడింది, జానెడు మందం. దుప్పటి కప్పుకున్న ఐస్ గట్టిపడదు, అందుకని సాయంత్రం ఊరంతా చీపుర్లు పట్టుకుని కాలువలోకి దిగింది. మా ఊరివాళ్లకు తుడవడం అంటే పండగ. ముందు ఎవరి గుమ్మం వాళ్లు, తర్వాత పక్కవాళ్ల గుమ్మం, ఆ తర్వాత కాలువ.

తుడిచిన మంచు గట్ల మీద కుప్పలు పడింది. వోల్టర్‌కి అది నచ్చలేదు.

"ఇదేంటిది, చెత్తకుప్పల్లా? పక్కూరోళ్లు చూస్తే మనల్ని ఏమనుకుంటారు?"

"ఏం చేద్దామంటావు?"

"వంతెన కిందకి తోసెయ్యండి. ఎవరికీ కనపడదు."

తోశాం. అక్కడ కుప్ప ఎత్తుగా ఉంటే దాన్ని చదును చేశాం. చదునుగా ఉన్నా తెల్లగా కనిపిస్తోందని బకెట్లతో నీళ్లు పోశాం. గంటలో పైన అద్దంలా పేరుకుంది. ఒక బకెట్ నేనూ అందించాను. చూడటానికి ఎంత ముచ్చటగా ఉందో చెప్పలేను.

మామయ్య అప్పుడు గాలిమర వైపు ఉన్నాడు. ఆయన చూడలేదు. పర్లేదు, రేపు కర్రతో కొడితే ఆయనకే తెలుస్తుంది.

ఫిబ్రవరి 4, శనివారం

మైనస్ పద్దెనిమిది. ముక్కులో వెంట్రుకలు కూడా గడ్డకట్టాయి.

మామయ్యతో మళ్లీ వెళ్లాను. గాలిమర దగ్గర కొట్టాడు. టంగుమని మోగింది, చర్చి గంటలా. తలూపాడు. రెల్లు గట్టు దగ్గర కొట్టాడు. టంగుమంది. తలూపాడు.

వంతెన కింద కొట్టాడు. పరుపు మీద పిడికిలితో గుద్దినట్టు వచ్చింది చప్పుడు.

తలూపాడు. "మంచి గొంతు," అన్నాడు.

నేను నోరు తెరిచాను. చలి. మాట రాలేదు. ఆయన అప్పటికే ముందుకు వెళ్లిపోయాడు.

చెవుల మీదకి ఉన్ని టోపీ లాక్కుని ఉన్నాడు. టోపీ మూలాన అయ్యుంటుంది.

ఫిబ్రవరి 5, ఆదివారం

మామయ్య ఇంట్లో బఠానీ సూప్. గరిటె నిలబెడితే పడకూడదు, అదీ ఆయన కొలత. పొగబెట్టిన సాసేజ్ ముక్కలు నాకే ఎక్కువ వేశాడు, చిన్నప్పటిలాగే.

టీవీలో వాతావరణం చెబుతున్నారు. సందు మొదట్లోనే నాకు వినిపించింది. తలుపు కొట్టాను, ఇంకోసారి కొట్టాను, చివరికి వెనక నుంచి వెళ్లాను. సూప్ గిన్నె దగ్గర నాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. "మామయ్యా" అన్నాను. "మామయ్యా" అన్నాను. కిటికీ అద్దంలో నా నీడ కదిలాక తిరిగాడు.

"ఎప్పుడొచ్చావే? పిలవొద్దూ?"

ఇంట్లో టోపీ పెట్టుకోలేదు.

ఆయన వంతెన కింద ఇంకో చోట కూడా కొట్టి చూసే ఉంటాడు, నేను లేనప్పుడు. ముప్ఫై రెండేళ్ల అనుభవం. నాకేం తెలుసు, చప్పట్లు కొట్టించే టీచర్ని.

ఫిబ్రవరి 6, సోమవారం

ఇంకో చోట కొట్టి చూసే ఉంటాడు.

ఫిబ్రవరి 7, మంగళవారం

స్కూలు అయ్యాక క్లబ్బు గదిలో సమావేశం. రేపు బుధవారం మధ్యాహ్నం పిల్లల స్కేటింగ్, శనివారం ఏడు ఊళ్ల టూర్. అన్నీ వంతెన కింద నుంచే.

"అన్ని చోట్లా డ్రిల్లు దించి మందం కొలుద్దామా?" అన్నాడు వోల్టర్, ఎదురుగా నిలబడి.

"నా కర్ర కన్నా నీ డ్రిల్లు ఎక్కువ చదువుకుందా?" అన్నాడు మామయ్య. అందరూ నవ్వారు. గాలిమర దగ్గర ఒక చిల్లు పెట్టారు, క్లబ్బు మెట్ల దగ్గర ఒకటి. పదమూడు సెంటీమీటర్లు. వంతెన కింద పెట్టలేదు. అద్దం పాడవుతుందట.

ఇంటికొచ్చే దారిలో వంతెన కిందకి దిగి మడమతో కొట్టాను. పరుపు.

ఆయన వినడం లేదు. రాసేశాను. ఎప్పటి నుంచో వినడం లేదు. నా మొహంలోకి చూస్తోంది నా మీద ప్రేమతో అనుకున్నాను. ప్రేమ ఉందిలే, ప్రేమ ఎటూ పోలేదు. కానీ ఆయన చూస్తున్నది నా పెదాల్ని.

ఎవరికి చెప్పాలి? వోల్టర్‌కి చెబితే రేపు ఊరంతా తెలుస్తుంది, ఆయన బోర్డు ఆయనది కాకుండా పోతుంది. చెప్పకపోతే రేపు పన్నెండున్నరకి యిస్కా, ఇంకో నలభై మంది ఆ అద్దం మీదకి వెళ్తారు. నాకు మాట నేర్పినవాడి మీదే ఆ మాట వాడాలి.

పొద్దున్నే ఇంటికెళ్లి ఆయనకే చెబుతాను. ఎవరూ లేనప్పుడు.

ఫిబ్రవరి 8, బుధవారం

పొద్దున్న వెళ్లాను. చెప్పలేకపోయాను. "మ్" దగ్గరే ఆగిపోయింది. మామయ్య నా భుజం తట్టి, "స్కూలుకి లేటవుద్ది, పో," అన్నాడు. పోయాను. ఇది కూడా రాయాలి.

పన్నెండుకి స్కూలు వదిలారు. పిల్లలు క్లబ్బు బయట బెంచీల మీద కూర్చుని స్కేట్ల తాళ్లు బిగించుకుంటున్నారు. బోర్డు మీద మామయ్య రాత: స్ఖోన్‌మూడర్‌ఐస్. గొణిగినా మోస్తుంది, భయపడకండి అని. యిస్కా దాన్ని ముక్కలు చేసి చప్పట్లు కొడుతోంది, నాలుగు, మొదటిది గట్టిగా. "శుభ్రం, అమ్మ, ఐస్," అంటోంది పక్కపిల్లతో. "శుభ్రమైన అమ్మంటే అత్తగారంట. మా అమ్మ అత్తగారు అంత శుభ్రంగా ఏం ఉండదు."

లోపలికి వెళ్లాను. గదినిండా తల్లులు, తండ్రులు, కోకో వాసన. వోల్టర్ విజిల్ మెడలో వేసుకుంటున్నాడు. మామయ్య బూట్లు విప్పి, ఉన్ని మేజోళ్లతో చెక్కనేల మీద నిలబడి, స్కేట్లకు గ్రీజు రాస్తున్నాడు.

"ఆగండి," అన్నాను. అది ఎలాగో వచ్చింది. అందరూ తిరిగారు.

తర్వాతి మాట రాలేదు. "డ్," అన్నాను. "డ్." దవడ బిగుసుకుంది. ఏడేళ్లప్పటి దవడే, ఎక్కడికీ పోలేదు, ఇన్నాళ్లూ అక్కడే కూర్చుని ఉంది. తల్లులు మర్యాదగా కోకోలోకి చూసుకున్నారు.

"టీచరమ్మా, పిల్లలు గడ్డకడతారు," అన్నాడు వోల్టర్. ఎగతాళి కాదు, వాడికీ చెమట పట్టింది. "రాసిస్తావా?"

మామయ్య నా నోటి వైపు చూస్తున్నాడు. స్కేటు కింద పెట్టాడు. నేల మీద ఎడమ కాలు పక్కకి తోశాడు, మెల్లగా, మేజోడు చెక్క మీద సర్రుమంది. తర్వాత కుడి కాలు జార్చాడు. తోపు, జారు. ఇంకోసారి. ఆ గదిలో ఆ సైగ తెలిసింది ఇద్దరికే.

నేను ఏ మాట చెప్పబోతున్నానో ఆయనకు తెలియదని ఆ క్షణంలో అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే అనిపిస్తోంది, నా పెదాల మీద ఆ "డ్" చూశాక తెలియకుండా ఎలా ఉంటుంది. ఐస్ పేర్లలో "డ్"తో మొదలయ్యేది ఒక్కటే, అదీ ఆయన పెట్టిందే.

తోశాను. "డోమినేస్‌ఐస్."



"ఎక్కడ?" అన్నాడు మామయ్య.

"వంతెన కింద. శుక్రవారం మంచంతా అక్కడికే తోశాం. పైన నీళ్లు పోశాం. నేనూ పోశాను."

"శనివారం కొట్టి చూశా కదే."

"కొట్టావు మామయ్యా. డొల్ల చప్పుడు వచ్చింది. నాకు వినిపించింది."

"మరి నాకు?"

ఆ ఒక్క మాటకి అబద్ధం చెప్పి ఉంటే నేను ఈ నోటుబుక్కు పొయ్యిలో పారేసేదాన్ని. "నీకు వినపడలేదు," అన్నాను. మాట ఎక్కడా అడ్డం పడలేదు.

"టోపీ—"

"టోపీ కాదు మామయ్యా."

డ్రిల్లు వోల్టరే పట్టుకెళ్లాడు. మేమంతా గట్టు మీద నిలబడ్డాం, పిల్లల్ని బెంచీల దగ్గరే ఆపేశారు. వంతెన ముందు బోర్లా పడుకుని చెయ్యి చాపి డ్రిల్లు దించాడు. పైపొర ఫట్‌మంది, ఆ తర్వాత డ్రిల్లు దానంతటదే జారిపోయింది, మంచులోకి, మంచు కింద జావలోకి. నల్లటి నీళ్లు పైకొచ్చాయి. అడుగున అసలు ఐస్ మూడు వేళ్ల మందం.

వోల్టర్ లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "తొయ్యమంది నేను. నీళ్లు పొయ్యమంది నేను," అన్నాడు అందరూ వినేట్టు. "ముసలాయన్ని ఎవరూ ఏమీ అనొద్దు."

మామయ్య క్లబ్బుకి వెనక్కి వెళ్లి చేతిబూటుతో బోర్డు తుడిచాడు, కర్ర గోడకి ఆనించాడు, సుద్దముక్క కిటికీ గూట్లో పెట్టి ఇంటికి వెళ్లిపోయాడు.

ఫిబ్రవరి 9, గురువారం

మామయ్య కర్టెన్లు వేసి ఉన్నాయి.

మా ఊళ్లో పగలు కర్టెన్ వెయ్యరు. వేస్తే ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం. పాలబ్బాయి దగ్గర నుంచి పాస్టరుగారి దాకా అందరూ ఆ కిటికీ చూసి తల దించుకుని వెళ్తున్నారు.

తలుపు కొట్టాను. చాలాసేపు కొట్టాను. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, కొడితే ఏం లాభం.

ఫిబ్రవరి 10, శుక్రవారం

కర్టెన్లు వేసే ఉన్నాయి.

వోల్టర్ రై రొట్టె పట్టుకుని ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"రేపు టూర్ ఆపేద్దామా?"

"వంతెన దగ్గర గట్టెక్కించు. రోడ్డుకి అడ్డంగా తివాచీలు పరిస్తే స్కేట్లతోనే నడిచి అటు దిగుతారు. మిగతా కాలువంతా ఒంటి ఐస్."

"నువ్వు విన్నావా?"

"ఇవాళ మొత్తం నడిచి విన్నాను."

వోల్టర్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "అయితే రేపు బోర్డు మీద నువ్వే రాయి."

"నేను ఐస్‌మేస్టర్ని కాదు."

"నేను నీ పక్కన నిలబడి 'హ్, హ్' అన్నవాణ్ణి రూలీ. నలభై నాలుగేళ్లయింది. నా మాట ఈ ఒక్కసారి విను, రాయి."

అది గుర్తున్నట్టు వాడు ఎప్పుడూ చెప్పలేదు. రొట్టె ఇంకా వేడిగా ఉంది.

పేరు ఏం రాయాలో తెలియడం లేదు. మూడు కాగితాలు పాడుచేశాను. పాఠం చెప్పేవాళ్లకు ముక్కలు విడదీయడం వస్తుంది. అతకడానికి మామయ్య లాంటివాడు కావాలి.

ఫిబ్రవరి 11, శనివారం

తెల్లవారుతుండగా సుద్దముక్క కోసం క్లబ్బుకి వెళ్లాను. కిటికీ గూట్లో లేదు.

దారిలో వంతెన దగ్గర ఊరి తివాచీలన్నీ రోడ్డు మీద పరిచి ఉన్నాయి. వోల్టర్ వాళ్ల హాల్లోది, చర్చి వెనక గదిలోది. అన్నిటికన్నా పైన ఎర్ర అంచుది ఒకటి. దాని మీద బూట్లతో అడుగు పెట్టినందుకు మా అత్త నన్ను చిన్నప్పుడు వారం రోజులు వంటింట్లోనే కూర్చోబెట్టింది. అత్త పోయి తొమ్మిదేళ్లయినా మామయ్య ఆ తివాచీని మేజోళ్లతో మాత్రమే తొక్కుతాడు. ఇవాళ రోడ్డు మీద వేశాడు, ఏడు ఊళ్ల స్కేట్లు తొక్కడానికి.

బోర్డు మీద ఆయన రాత ఉంది. ఒకే మాట.

రూలీఐస్.

బెంచీ మీద కూర్చుని స్కేట్ల తాళ్లు బిగించుకుంటున్నాడు. టోపీ లేదు. చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. అప్పటికే జనం పోగయ్యారు. ఎవరికీ బోర్డు అర్థం కాలేదు, అడగడానికీ మొహం చెల్లలేదు. చివరికి వోల్టర్ వెళ్లి ఆయన ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు, తన మొహం ఆయనకు కనిపించేట్టు.

"లుబ్బర్ట్ పెద్దాయనా, ఇది ఎలాంటి ఐస్?"

మామయ్య తాడు ముడి పూర్తి చేశాకే జవాబిచ్చాడు.

"నోరు విప్పడానికి టైం తీసుకుంటది. చానా టైం తీసుకుంటది," అన్నాడు. "విప్పిందంటే అబద్ధం చెప్పదు. దాని మీద మీ పిల్లల్ని వదలొచ్చు."

యిస్కా మాటని ముక్కలు చేసింది. రూ, లీ, ఐస్. మూడు చప్పట్లు, మొదటిది గట్టిగా. పక్కపిల్లలు అందుకున్నారు, ఆ తర్వాత తల్లులు, తండ్రులు, గ్లౌజులు తొడుక్కున్న చేతులు, ధన్ ధన ధన. మామయ్య వెనక చెక్కగోడకి అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. ప్రతి మొదటి చప్పట్టుకీ ఆయన తల కొంచెం ఊగింది.

నేను ఏడ్చాను. దాచుకోలేదు.

జనం తగ్గాక కర్ర నా చేతికిచ్చాడు. "ముందు నువ్వు నడువు," అన్నాడు. "నేను వెనకొస్తా. బరువు మొయ్యడం ఇంకా వచ్చు."

గాలిమర దాకా వెళ్లాం, ఎదురుగాలిలో. ప్రతి యాభై అడుగులకీ ఆగి ఐస్‌ని కొట్టాను. కొట్టిన ప్రతిసారీ వెనక్కి తిరిగి, ఆయనకు నా నోరు కనిపించేట్టు నిలబడి చెప్పాను.

"మోగుతోంది మామయ్యా."

"సరే, పద," అన్నాడు ఆయన.